తలుపు లేని మందిరం, తాళం వేసిన హాలు

మా ఊళ్లో ఊరందరిదీ అని పేరున్న కట్టడాలు మూడు. తెలుగు వీధి మొదట్లో రామమందిరం, ఒడియా వీధి చివర భాగవత టుంగి అనే చావడి, రెండింటికీ మధ్య బడి పక్కన పసుపు రంగు కమ్యూనిటీ హాలు. మొదటి రెండూ మూడు వైపులా బార్లా తెరిచి ఉంటాయి. మూడోదానికి ఇనుప గేటు ఉంది, ఆ గేటుకు అరచేతి వెడల్పున ఒక తాళం ఉంది. నేను మాట్లాడాలనుకున్నది ఆ తాళం గురించే. అయితే తాళం దాకా రావాలంటే ముందు మందిరం మెట్లు ఎక్కాలి.

మాది వంశధార ఒడ్డు. ఒడిశాలో కాశీనగర్ నుంచి గుణుపురం వెళ్లే దారిలో పడుతుంది. నది వెంట దిగువకు పోతే శ్రీకాకుళం జిల్లా. మా ఇళ్లలో రేషను కార్డు ఒడియాలో ఉంటుంది, శుభలేఖ తెలుగులో ఉంటుంది, తిట్లు రెండింటిలోనూ ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా పర్లాకిమిడి ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా కింద ఉండేది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడికి పంతులుగా వచ్చి, అక్కడే సవర భాష నేర్చి, అక్కడి నుంచే వ్యావహారిక భాష కోసం పోరు నడిపిన గిడుగు రామమూర్తిగారు, ఆ ఊరు ఒడిశాలో కలిసిన 1936లోనే రాజమండ్రికి తరలిపోయారు. మా తాత వెళ్లలేదు. గిడుగువారి ఆస్తి భాష, ఎక్కడికైనా వెంట తీసుకుపోవచ్చు. మా తాత ఆస్తి రెండెకరాల పల్లం.

కాబట్టి మేము గీతకు ఇవతల ఉండిపోయాం. కాలక్రమాన బడి ఒడియా అయింది, కచేరీ ఒడియా అయింది. చదువుకున్న తెలుగు మందిరం అరుగు మీద మిగిలింది.

మా వైపు రాముడి గుడి అనరు, మందిరం అంటారు. ఆ తేడా ఊరికే రాలేదు. గుడికి పూజారి ఉంటాడు, వేళలు ఉంటాయి. మందిరానికి అరుగు ఉంటుంది. మా తాత చిన్నతనంలో దానికి తాటాకు కప్పు, మా నాన్న కాలానికి పెంకులు, నేను పుట్టేసరికి రేకులు. నడుము ఎత్తు అరుగు, ఆరు టేకు స్తంభాలు, వెనక గోడకు ఆనించి ఒక చిన్న గది. ఆ గదిలో శ్రీరామ పట్టాభిషేకం పటం. తలుపంటూ ఉంటే ఆ గదికే. నడిమి దూలానికి గుడ్డసంచిలో మృదంగం వేలాడేది. దాని పక్కన పెట్రోమాక్స్ దీపం తగిలించే కొక్కెం, కొక్కెం పైన దూలం మీద పళ్లెమంత నల్లటి మరక. తూర్పు వైపు అరుగు అంచు మీద చేయి పెడితే జారేది. ఎన్ని తరాల పంచెలు, లుంగీలు, నిక్కర్లు ఒరిస్తే అంత నునుపు వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

శనివారం భజన, శ్రీరామనవమికి పందిరి, పానకం, ధనుర్మాసంలో నెలగంట, అప్పుడప్పుడు హరికథ, బుర్రకథ. ఇవన్నీ మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి, వాటి జోలికి పోను. మా అరుగు మీద మీ ఊళ్లో జరగనిది ఒకటి జరిగేది. ఒడియా కాగితాలను తెలుగులో చదివి వినిపించడం.

నేను ఆరో తరగతికి వచ్చేసరికి ఆ ఉద్యోగం నా మీద పడింది. సాయంత్రం బడి నుంచి వస్తుంటే ఎవరో ఒక పెద్దాయన పిలిచేవాడు. "ఒరే బాబూ, ఇలా రా. ఇది ఏమని రాశాడో చూడు." కండువా కొసన కట్టిన మూట విప్పితే నాలుగు మడతల కాగితం. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆఫీసు నుంచి నోటీసో, సహకార సంఘం బాకీ చీటీయో, కోర్టు సమనో. నేను ముందు ఒడియాలో గట్టిగా చదవాలి, తర్వాత ముక్క ముక్కగా తెలుగు చెప్పాలి. చుట్టూ అయిదారుగురు కూర్చుని వినేవారు.

ఒకసారి ఒక తాతకు వచ్చిన నోటీసులో "అనాబాది" అనే మాట వచ్చింది. ఆ మాట నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. ఆబాదీ అంటే సాగు భూమి అని ఎక్కడో విన్నాను, అదే ఇది అనుకొని "తాతా, ఆ చెక్క నీ సాగుభూమేనని రాశాడు" అని చెప్పేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అరుగు చివర పడుకుని ఉన్న పాత అమీను, అంటే భూములు కొలిచే ఉద్యోగి, ఒకాయన కళ్లు తెరవకుండానే అడిగాడు. "ముందు అక్షరం ఏమిటిరా?" అ అన్నాను. "మరి దాన్ని మింగేశావేం? అనాబాది అంటే సర్కారు బంజరు. ఖాళీ చెయ్యమంటున్నాడు." ఆ తాత కాగితం మడిచి మళ్లీ కండువాలో కట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు ఇద్దరిని తోడు తీసుకొని కాశీనగర్ వెళ్లాడు.

ఆ సాయంత్రాన్ని నేను నలభై ఏళ్లుగా మోస్తున్నాను. సిగ్గు కోసం కాదు. నా తప్పు అక్కడికక్కడే దొరికిపోయిందన్న సంగతి కోసం. అదే కాగితాన్ని ఆయన ఇంటి వసారాలో ఒక్కడికే చదివి ఉంటే నా అబద్ధం గడువు తేదీ దాటిపోయేదాకా నిజంగా చలామణీ అయ్యేది. నలుగురి ముందు చదివింది కనుక దిద్దేవాడు దొరికాడు. ఇప్పుడు కాగితం వస్తే ఫోనులో ఫోటో తీసి ఎవరికో పంపుతారు, లేదా తహసీలు ఆఫీసు ముందు కూర్చున్న దళారికి ఇస్తారు. దళారి చదివి చెప్పేటప్పుడు పక్కన అమీను ఉండడు. ఉన్నా నోరు విప్పడు.

ఇక టుంగి గురించి. ఒడియా ఊళ్లు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పదహారో శతాబ్దంలో జగన్నాథ దాసు ఒడియాలో భాగవతం రాశాడు. పాదానికి తొమ్మిది అక్షరాలు, నోటికి ఇట్టే పట్టుబడే నడక. దాన్ని సాయంత్రం పూట ఊరంతా కూర్చుని వినడానికి కట్టుకున్న చావడే భాగవత టుంగి. తాళపత్ర గ్రంథాన్ని ఒక గద్దె మీద పెట్టి పూజించేవారు. ఊరి తగవులు కూడా అక్కడే తీర్చుకునేవారు. మా మందిరంలో ఏకాహం చేస్తే ఇరవై నాలుగు గంటలు ఆపకుండా రామనామం. వాళ్ల టుంగిలో అష్టప్రహరి చేస్తే మూడేసి గంటల ఎనిమిది ప్రహరాలు హరినామం. లెక్క ఒకటే, నిద్రలేమి ఒకటే, మర్నాడు బడిలో పిల్లల కునికిపాట్లు ఒకటే. రెండు వీధులకూ ఒకటే పెట్రోమాక్స్ జత ఉండేది. ఒకరి ఏకాహానికి ఇంకొకరి అష్టప్రహరి అడ్డం రాకూడదని పెద్దలు రోజులు మార్చుకునేవారు. మాకు, అంటే పిల్లలకు, ప్రసాదం రోజులు రెట్టింపు. ఇక్కడ పులిహోర, అక్కడ బెల్లం పట్టిన ఉఖుడా.

నన్ను బాగా ఆలోచింపజేసేది భక్తి సంగతి కాదు, ఖర్చు సంగతి. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు ఇంటికో కుంచం మందిరానికి పక్కన పెట్టేవారు. ఆ వడ్లలోంచే దీపం నూనె, పగిలిన పెంకులకు మారు పెంకులు, రోజూ అరుగు ఊడ్చే ఆమెకు కూలి. ఏడాదికి ఒకసారి నవమి ముందు లెక్క చదివేవారు. ఎవరు కుంచం ఎగ్గొట్టారో ఊరందరికీ తెలిసేది. పంట పోయిన ఏడాది సగం కుంచం, అది కూడా లేకపోతే ఒక రోజు పని. దీన్ని ఎవరూ ప్రణాళిక అనలేదు. కానీ కట్టడం కట్టిన రోజే దాని చీపురుకు కూడా దారి చూపించారు.

ఇంతవరకు విని ముచ్చట పడ్డవాళ్లు నన్ను ఒక మాట అడగాలి. అడగకపోతే నేనే చెబుతాను. ఆ అరుగు మీద ఎవరు కూర్చునేవారు?

దళితవాడ వాళ్లు కూర్చునేవారు కాదు. నవమికి ముందు అరుగు మెత్తడానికి మట్టి తెచ్చింది వాళ్లు. ఊరేగింపు ముందు డప్పు కొట్టింది వాళ్లు. వాళ్ల కాగితాలు కూడా నేను చదివేవాణ్ని. కాకపోతే వాళ్లు వేపచెట్టు కింద నిలబడేవారు, నేను అరుగు అంచున కూర్చుని గొంతు పెంచి చదివేవాణ్ని. చెట్టుకూ అరుగుకూ మధ్య పది అడుగులు. పదకొండేళ్ల పిల్లవాడు కూర్చుని, అరవై ఏళ్ల మనిషి నిలబడి. అప్పుడు నాకు అందులో తప్పు కనబడలేదు. అది రాసుకోవడం ఇప్పుడు కూడా సులువుగా లేదు. ఆడవాళ్లు భజనకు వస్తే వెనక స్తంభాల చాటున. తగవు తమదైనా సరే, మాట్లాడేది అన్నో మామో. టుంగి దగ్గర కూడా ఇంతకన్నా గొప్పగా ఏమీ లేదు.

తలుపు లేని చోట కూడా తాళం ఉంటుంది. కంటికి కనబడదు కనుక పగలగొట్టడానికి గునపం ఎక్కడ ఆనించాలో తెలియదు.

పల్లె చావడుల మీద బెంగ పెట్టుకొని వచ్చే రాతలు చాలా చదువుతుంటాను. రచ్చబండ పోయింది, ఊరు చచ్చిపోయింది, సిమెంటు వచ్చి మనుషుల్ని విడదీసింది అంటూ. ఆ బెంగలో నాకూ వాటా ఉంది. అయితే ఆ రాతల్లో వేపచెట్టు ఎప్పుడూ నీడ ఇస్తుందే తప్ప దాని కింద ఎవరు నిలబడ్డారో కనబడదు.

ఇప్పుడు హాలు దగ్గరికి వద్దాం. ఇరవై ఏళ్ల కిందట ఒక ప్రజాప్రతినిధి నిధులతో కట్టారు. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పైన స్లాబు, నాలుగు కిటికీలు, గేటు పక్కన గోడకు నల్లరాతి పలక. పలక మీద పేర్లు రోడ్డు మీది నుంచి కూడా చదవగలిగినంత పెద్దవి. ప్రారంభోత్సవం రోజున కొబ్బరికాయ కొట్టారు, మైకులో అరగంట మాట్లాడారు, మధ్యాహ్నానికి తాళం వేశారు.

ఇలాంటి హాళ్లు ఊరూరా ఎందుకు ఇలా ఉంటాయో తెలియాలంటే డబ్బు దారి చూడాలి. పార్లమెంటు సభ్యుల నియోజకవర్గ అభివృద్ధి నిధి పథకం 1993 డిసెంబరులో మొదలైంది. 2011-12 నుంచి ఒక్కొక్క సభ్యుడికి ఏటా 5 కోట్ల రూపాయల దాకా పనులు సూచించే వీలుంది. శాసనసభ్యులకు కూడా రాష్ట్రాల్లో ఇలాంటి నిధులున్నాయి. ఎంపీ నిధుల నియమాల్లో రెండు సంగతులు మా ఊరి కథకు ముఖ్యం. ఒకటి, పూజాస్థలాలకు ఆ డబ్బు పనికిరాదు. అందుకని మా మందిరం రేకులు మార్చడానికి అందులోంచి పైసా రాదు. అది న్యాయమే, దానితో నాకు పేచీ లేదు. రెండు, శాశ్వతంగా నిలిచే ఆస్తి కట్టాలి గాని ఏటేటా అయ్యే ఖర్చులకు ఇవ్వకూడదు. కట్టిన తర్వాత చూసుకోవలసింది వాడుకునేవాళ్లే. సర్కారు పద్దులో గోడ ఆస్తి, చీపురు ఖర్చు. ఆస్తికి డబ్బు ఉంది, ఖర్చుకు లేదు. కనుక గోడ లేస్తుంది, చీపురు రాదు. చీపురు లేని గదిని ఎవరు చూసుకుంటారు? వస్తువులు పెట్టుకోవడానికి చోటు కావలసినవాడు చూసుకుంటాడు. మా హాల్లో పన్నెండేళ్ల పాటు ఉన్నవి టెంటు హౌసు కుర్చీలు, షామియానా గుంజలు, వరి బస్తాలు, చక్రం లేని ఒక మోటారు సైకిలు. తాళంచెవి ఉన్న మనిషి ఊళ్లో కన్నా బరంపురంలో ఎక్కువ ఉంటాడు. పేరు అనవసరం. మీ ఊళ్లో కూడా అలాంటి మనిషి ఉంటాడు, ఆ పేరు వేసుకొని చదవండి.

2020 ఏప్రిల్‌లో కరోనా కట్టడి కోసం ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు కలెక్టరు అధికారాలు ఇచ్చింది. వలస వెళ్లినవాళ్లు తిరిగి వస్తున్నారు, వాళ్లను కొన్నాళ్లు విడిగా ఉంచాలి. కలెక్టరు అధికారాలున్న సర్పంచికి మా హాలు తాళంచెవి దొరకడానికి రెండు రోజులు పట్టింది. అంతే, ఆ ముచ్చట అక్కడికి వదిలేస్తాను. ఎందుకంటే అసలు సంగతి అంతకు ఏడాదిన్నర ముందే జరిగింది.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. పండుగకని నేను ఊళ్లోనే ఉన్నాను. తుపాను అంటే సముద్రం పక్క ఊళ్ల బాధ అనుకునేవాళ్లం. 1999 మహా తుపాను తర్వాత ఒడిశాలో తుపాను ఆశ్రయాలు కట్టింది కూడా ప్రధానంగా తీరం వెంటే. ఈ తుపాను తీరం దాటాక వెంటనే నీరసపడకుండా గజపతి జిల్లా కొండల మీద పడింది. కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. మా ఊళ్లో పొద్దున్నే మందిరం రేకులు సగం లేచిపోయాయి. చీకటి పడేసరికి వంశధార పల్లపు వీధిలోకి వచ్చింది. దళితవాడ ఉన్నది ఆ పల్లంలోనే. ఎక్కడైనా అంతేగా.

జనం ముందు హాలు దగ్గరికే పరిగెత్తారు. స్లాబు ఉన్నది దానికే. గేటుకు తాళం. తాళంచెవి బరంపురంలో. కరెంటు లేదు, ఫోన్లు లేవు. వెనక్కి తిరిగి మందిరానికి వచ్చారు. మిగిలిన సగం కప్పు కింద, ఆ ఆరు స్తంభాల మధ్య, ఎవరు ఏ వీధివాళ్లో చూసే తీరిక లేకుండా అందరూ ఎక్కారు. ఒక ముసలామె పట్టాభిషేకం గదిలోకి మేకపిల్లను కూడా లాక్కెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు. అర్ధరాత్రి దాటాక మిగిలిన రేకులు కూడా టకటకమని కొట్టుకోవడం మొదలయింది. అప్పుడు దళితవాడ కుర్రవాడు ఒకడు లేచి, ఎవరినీ అడగకుండా, గునపం పట్టుకొని వానలోకి వెళ్లాడు. మేము టార్చి వేసి వెళ్లేసరికి తాళం కింద పడి ఉంది, అతను కుర్చీల గుట్టను బయటకు ఈడుస్తున్నాడు. తెల్లవారేదాకా ఆ హాల్లో డెబ్బై మంది దాకా ఉన్నాం. పిల్లల్ని వరి బస్తాల మీద పడుకోబెట్టారు.

మూడు రోజుల తర్వాత, వరద తీశాక, మందిరం అరుగు కడిగారు. పసుపు నీళ్లు కూడా చల్లారు. బురద అయిందని కడిగామన్నారు. కావచ్చు. బురద నిజంగానే ఉంది. హాల్లో కూడా అంతే బురద ఉంది. దాన్ని ఎవరూ కడగలేదు.

నెల తిరక్కుండా తాళం తగవు వచ్చింది. ప్రభుత్వ ఆస్తి పగలగొట్టారు, తాళం ఖరీదు మూడు వందల యాభై కట్టాలి అని. ఎవరు కట్టాలి? గునపం పట్టినవాడా, లోపల పడుకున్న డెబ్బై మందా? ఆ కుర్రవాడు ఒకటే అన్నాడు. "డబ్బులు కడతాను. నాకు రసీదు ఇవ్వండి. దాని మీద ఏ రోజు, ఎందుకు పగలగొట్టానో రాసి ఇవ్వండి." ఆ తర్వాత ఎవరూ డబ్బు ఊసెత్తలేదు. కాని కొత్త తాళం వచ్చింది. మొదట్లో చెప్పిన అరచేతి వెడల్పు తాళం అదే. పాతదానికి రెండింతలు.

అప్పటి నుంచి నా మనసు మారింది. అంతకు ముందు నేను కూడా హాలును చూసి ముక్కు విరిచేవాణ్ని. సిమెంటు డబ్బా, పలక కోసం కట్టిన గోడ అని. ఇప్పుడు అంటున్నాను, మా ఊళ్లో పోట్లాడి దక్కించుకోవలసిన చోటు ఉందంటే అది ఆ పసుపు డబ్బానే. ఎందుకంటే అందులో కూర్చోకూడదని చట్టం ప్రకారం ఎవరినీ అనలేరు. రసీదు అడగవచ్చు. కాగితం మీద అది అందరిదీ. మందిరం అందరిదీ అన్నది మర్యాద మాట. హాలు అందరిదీ అన్నది రికార్డులో ఉన్న మాట. మర్యాద మాట ఎప్పుడు వెనక్కి తీసుకుంటారో తెలియదు, అరుగు కడిగిన రోజున తీసుకున్నారు.

దీనికి నా మిత్రుడొకడు అడ్డం వచ్చాడు. అతనిది పాతపట్నం, సరిహద్దుకు అవతల. "మాకు 2019 అక్టోబరు 2 నుంచి ఊరూరా సచివాలయాలు వచ్చాయి. కాగితం అక్కడే, పని అక్కడే. ఇంకా ఈ కాలంలో చావడి ఏమిటి, హాలు ఏమిటి?" అంటాడు. కౌంటరు ముందు వరసలో నిలబడేవాళ్లు ఒకరి వీపు ఒకరు చూస్తారు. ముఖాలు చూసుకోవాలంటే కూర్చోవాలి. అతనికి ఈ మాట చెబితే కవిత్వం అన్నాడు. సరే, కవిత్వం వద్దు, పల్లిసభ సంగతి చెబుతాను.

ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం 1964 నాటిది. అందులో పంచాయతీ మొత్తానికి గ్రామసభ ఉన్నట్టే ఒక్కొక్క ఊరికి పల్లిసభ ఉంది. ఓటరు జాబితాలో ఉన్న ప్రతి మనిషీ సభ్యుడే. ఆ సభకు ఎంత బలముందో మా పక్క జిల్లాయే చూపించింది. నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకాల మీద ఊళ్లే తేల్చుకోవాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో ఏడు ఊళ్లు, కలహండిలో అయిదు ఊళ్లు పల్లిసభలు పెట్టుకున్నాయి. న్యాయమూర్తి సమక్షంలో మనిషి తర్వాత మనిషి లేచి మాట్లాడారు. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

వాళ్లకు సిమెంటు హాళ్లున్నాయా అని ఆ మిత్రుడే అడుగుతాడు, నాకు తెలుసు. లేవు. కొరాపుట్ గదబల ఊళ్లలో పెద్దలు కూర్చునే సదర్ కూడా ఆకాశం కింద పేర్చిన రాళ్లే. కొండ పోతుందంటే మనుషులు వానలోనైనా కూడుతారు. బోరింగు చెడిపోయింది, అంగన్‌వాడీలో గుడ్లు రావడం లేదు, వీధి దీపం వెలగడం లేదు అని మాట్లాడుకోవడానికి ఎవరూ వానలో తడవరు. దానికి ఒక కప్పు, ఒక చాప, రాత్రి తొమ్మిది దాకా ఒక బల్బు కావాలి. మా ఊరి పల్లిసభ ఏళ్ల తరబడి ఎలా జరిగిందంటే, ఒడియాలో రాసిన రిజిస్టరు ఇంటింటికీ వచ్చేది, మేము సంతకం పెట్టేవాళ్లం. నేను కూడా పెట్టాను. ఏమి తీర్మానించామో చదవకుండా పెట్టాను, చదవడం వచ్చి ఉండి కూడా. అరుగు మీద చిన్నప్పుడు పరాయివాళ్ల కాగితాలు అంత శ్రద్ధగా చదివినవాణ్ని.

ఇంకొక అభ్యంతరం ఇంట్లోంచే వచ్చింది. మందిరం పోతే తెలుగు పోతుందని మా చిన్నాన్న బాధ. పోనివ్వమని నేను అనడం లేదు. రేకులు చందాలతో మళ్లీ వేయించాం, మృదంగం మళ్లీ వేలాడదీశాం. పిల్లలకు అక్షరాలు నేర్పడం కూడా శని, ఆదివారాలు జరుగుతోంది. కాని తెలుగు అక్షరాలు నేర్చుకోవడానికి దళితవాడ పిల్ల అరుగు ఎక్కడానికి ఇప్పటికీ ఒకసారి అటూ ఇటూ చూస్తుంది. ఆమె అమ్మానాన్నలకు కూడా ఇంట్లో తెలుగే. ఆ చదువు హాల్లోకి మారిస్తే భాషకు నష్టమేమిటో చిన్నాన్న ఇంకా చెప్పలేదు.

పోయిన ఏడాది సంక్రాంతికి వెళ్లినప్పుడు హాలు ముందు పదిహేను మంది ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. మహిళా సంఘం సమావేశం. ఒడిశాలో మిషన్ శక్తి పేరుతో 2001 మార్చి 8న మొదలైన సంఘాలు ఇవి. మా ఊళ్లో మూడున్నాయి. వారం వారం డబ్బు లెక్క చూసుకుంటారు, అప్పు ఎవరికి ఇవ్వాలో తేల్చుకుంటారు, గొంతులు లేపుతారు, ఏడుస్తారు, నవ్వుతారు. మందిరం వెనక స్తంభాల చాటున కూర్చున్న అమ్మమ్మల మనవరాళ్లు. రెండు వీధులవాళ్లూ, వాడవాళ్లూ కలిసే ఉన్నారు. మాట ఒడియాలో మొదలై తెలుగులోకి జారి మళ్లీ ఒడియాలో తేలుతోంది. వాళ్ల వెనక, తాళం వేసి ఉన్న గేటు. ఎండ పలక మీది నుంచి వాళ్ల మీదికి వస్తుంటే కొంగులు కప్పుకొని ఒక్కొక్క అడుగే జరుగుతున్నారు.

లెక్కల పుస్తకం పట్టుకున్నామె నాకు వరసకు వదిన. "ఎండలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు, లోపల కూర్చోవచ్చుగా వదినా" అన్నాను, తెలియనట్టు.

"తాళంచెవి నీ దగ్గర ఉందా బాబూ?" అంది తల ఎత్తకుండా.

"లేదు."

"మరి సలహా ఎందుకు?"

ఆమె మాట తప్పు కాదు. ఆ రాత్రి నేను, పాత అమీను కొడుకు, గునపం పట్టిన ఆ కుర్రవాడు కూర్చుని ఒక అర్జీ రాశాం. ఒడియాలోనే. హాలు తాళంచెవి ఒకటి సంఘం దగ్గర, ఒకటి కిరాణా కొట్లో మేకుకు, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో ఒక నోటుపుస్తకం, కోత కాలంలో ఇంటికి ఒక కుంచం వడ్ల ధర, దానితో ఊడ్చే మనిషికి కూలి, కరెంటు బిల్లు. పల్లిసభ హాల్లోనే జరగాలి, రిజిస్టరులో రాసింది సంతకాలకు ముందు తెలుగులో కూడా గట్టిగా చదవాలి. చివరి వాక్యం రాయించింది అమీను కొడుకు.

అర్జీ పంచాయతీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. సమాధానం వచ్చేదాకా ఆగుదామన్నాను. వదిన ఆగలేదు. తాళంచెవి ఉన్న మనిషి పండుగకు ఊరొచ్చిన రోజున పదిహేను మందీ కలిసి వాళ్లింటికి వెళ్లారు. వాకిట్లో కూర్చున్నారు. లెక్కలు అక్కడే చూసుకోవడం మొదలుపెట్టారు. మొదటి వారం ఆయన నవ్వాడు, కుర్చీలు వేయించాడు. రెండో వారం ఆయన బరంపురంలో ఉన్నాడు, ఆయన భార్య టీ ఇచ్చింది. మూడో వారం ఆమే లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి వదిన పుస్తకం మీద పెట్టిందట. "నకలు తీయించుకుని ఇచ్చేయండి. మా వాకిలి నాకు కావాలి" అందట.

గుణుపురంలో నకలు తీయించారు, రెండు. ఒకదానికి కొబ్బరితాడుతో చెక్కముక్క కట్టి కిరాణా కొట్లో బెల్లం డబ్బా పైన మేకుకు తగిలించారు. పోయిన నెల వెళ్లినప్పుడు నోటుపుస్తకం తిరగేశాను. మొదటి పేజీలో పదకొండు పద్దులు. ఏడు ఒడియాలో, మూడు తెలుగులో, ఒకటి వేలిముద్ర. మోటారు సైకిలు ఇంకా హాల్లోనే ఉంది, చక్రం లేదు కనుక తోయడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. ఊడ్చే మనిషి కూలి గురించి ఇంకా పోట్లాడుకుంటున్నారు.